నాలుగు బిందెల చేపపిల్లలు

మొన్న బిలాస్‌పూర్ స్టేషన్లో బండి కోసం కూర్చుంటే, పక్కన ఒకాయన అట్టపెట్టె విప్పి చూసుకుంటున్నాడు. లోపల గాలితో ఉబ్బిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో జీలకర్రకి కళ్లొచ్చినట్టున్న చేపపిల్లలు. ఆక్సిజన్ నింపారట, రోజంతా ప్రయాణం చేసినా ఫరవాలేదట. వింటూ వింటూ నా కుడి అరచెయ్యి దానంతటదే తొడ మీద తప్‌తప్‌మని కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

ఎనభైల్లో, నేను కాపురానికొచ్చిన ఏడాది మాట. తార్‌బహార్ దగ్గర రైల్వే క్వార్టరులో మా ఆయన, అత్తగారు, నేను. మాది విజయనగరం, చేపంటే కూరలోదే తెలుసు. అత్తగారిది వంశధార సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆవిడ బిలాస్‌పూర్ వచ్చి పాతికేళ్లయినా ఆ ఊరి ఊసు ఎత్తగా ఎవరూ వినలేదు. నాతో మాట్లాడే మాటలు మూడే: ఉప్పు చాలలేదు, ఉప్పెక్కువైంది, తలుపు గడియ వెయ్యి. ఆవిడ అడుగుల చప్పుడుకే నా చేతిలో గరిటె జారేది.

వానలు మధ్యలో ఆగి ఎండ మండిపోతున్న ఒక ఆదివారం, పార్సిల్ ఆఫీసులో డ్యూటీలో ఉన్న మా ఆయన రిక్షాలో ఒక బెంగాలీ మనిషిని, నాలుగు అల్యూమినియం బిందెల్ని వెంటబెట్టుకొచ్చారు. బెల్తరా వైపు ఒక పల్లెవాళ్లు కలిసి తవ్వుకున్న కొత్త చెరువులో వదలడానికి చేపపిల్లల్ని తెస్తున్నాడట. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. బిందెల్లోకి తొంగి చూస్తే పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. "సబ్ మర్ జాయేగా, మాజీ," అన్నాడతను. అన్నీ చచ్చిపోతాయని.

నేను కుళాయి దగ్గరికి పరుగెత్తి బకెట్ నింపుకొచ్చాను.

"ఆగే! కుళాయి నీటిలో మందు కలుపుతారు. పోసినావంటే ఒక్కటి మిగల్దు. నూతి నీరు తే," అన్నారు అత్తగారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా సాయానికొచ్చింది. ఇద్దరం నూతిలోంచి తోడుకొచ్చి పోయబోతే మళ్లీ కేక. "అదీ పొయ్యకే! అంత సల్లన ఒక్కసారి తగిల్తే కొయ్యబారిపోతాయి." బట్టలుతికే గంగాళాల్లో నూతినీళ్లు పోయించి, బిందెల్ని వాటిలో నిలబెట్టించారు. లోపలి నీళ్లు మెల్లగా చల్లబడ్డాక ఒక్కో చెంబు కలిపారు. ఆ పైన, నీళ్లలో గాలి కలిసేలా అరచేత్తో తట్టడం. మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. బెంగాలీ అతను వరండాలోనే కూలబడి నిద్రపోయాడు. మేం ముగ్గురం తడుతూనే ఉన్నాం.

అలా తడుతుండగా అత్తగారికి మాటలొచ్చాయి. "మా కాడ ఏరు సముద్రంలో కలిసే సోట ఎండాకాలం నీరు ఉప్పగుంటాది. అప్పుడు సముద్రం సేపల పిల్లలు లోపలికొస్తాయి. వానలకి ఎర్రనీరు దిగిందా, అవన్నీ పోయి ఏటి పిల్లలొస్తాయి. మా అయ్య నీరు నాలిక్కి రాసుకుని సెప్పేసేవోడు, ఈ యేళ ఏ పిల్ల దొరుకుద్దో."

"గుడ్లు కూడా అంతేనా, అత్తయ్యా?"

"గుడ్డయితే మరీనూ! ఉప్పు తేడా వచ్చినా, ఏడి హెచ్చినా పొదగదు. కొత్త కోడలి కంటే సుకుమారం," అని నావైపు చూసి పకపకా నవ్వారు. ఆవిడకి పై వరసలో ఒక పన్ను లేదని ఆ రోజే తెలిసింది. నాకూ నవ్వాగలేదు. ఎందుకో తెలియకుండానే పక్కింటావిడ కూడా నవ్వింది.

సాయంత్రానికి పిల్లలు కిందికి దిగి చురుగ్గా ఈదసాగాయి. అడుగున దోసెడు చచ్చి ఉన్నాయి, మిగతావన్నీ బతికాయి. వాగు తగ్గి బస్సు కదిలే వేళకు అత్తగారు తన హిందీలో అతనికి గట్టిగా చెప్పారు: "సీదా మత్ డాలో. పహలే పానీసే దోస్తీ కరో." ముందు నీళ్లతో స్నేహం కుదరాలట, బిందె చెరువులో కాసేపు తేలాకే వంచమని. అతను వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు. మరుసటి వానాకాలం ఆ చెరువు చేపలు రెండు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పులుసు మేమిద్దరం కలిసి చేశాం. ఉప్పు నేనే వేశాను, ఆవిడ రుచి చూడలేదు.

అత్తగారితో పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో గడిపాను. లెక్కకి అన్నేళ్లే గానీ, నా మటుకు మా కాలం ఆ ఆదివారం మధ్యాహ్నం మొదలైంది.