రిజిస్ట్రేషన్ డబ్బు

మా ఇంటికి చాలాకాలం రిజిస్ట్రేషన్ లేదు. ఇల్లు ఉంది, నేనూ మావారూ అందులో ఉన్నాం, కరెంటు బిల్లు ఆయన పేరున వచ్చేది. చట్టం దృష్టిలో మాత్రం ఆ నేల ఆనేకల్ దగ్గర పల్లెలో ఉండే ఒక పెద్దామెది. అందుకు మేమేమీ దిగులు పడలేదు. తొంభైల మొదట్లో బెంగళూరు చుట్టుపక్కల పొలాల్లో వేసిన సైట్లు కొన్నవాళ్ళు చాలామంది మాలాగే ఉండేవారు.

అలాంటి సైట్లకు ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ జరిగేది కాదు. బదులుగా అమ్మినవాళ్ళు జీపీఏ రాసిచ్చేవారు. ఈ స్థలం విషయంలో నా తరఫున అన్ని పనులూ ఫలానా ఆయన చేయవచ్చు అని చెప్పే అధికార పత్రం అది. చవక స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షులు. తర్వాత హోటల్లో అందరికీ ఇడ్లీ, కాఫీ. దాంతో కొనడం అయిపోయినట్టే. మా పత్రం ఆయన పేరున రాయించుకున్నాం. అందులో ఆలోచన ఏమీ లేదు. నేను బడిలో లైబ్రరీ చూసేదాన్ని, ఆ రోజు నాకు సెలవు దొరకలేదు, అంతే.

పెద్దామెను నేను మొదట చూసింది పునాది తవ్వే రోజున. తన పొలం ఏమవుతోందో చూడటానికి వచ్చింది. వాళ్ళు తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. కన్నడం కలిసిన ఆ తెలుగు నాకు కొత్త. ఆయనది కర్నూలు పక్క కాబట్టి ఆమెతో ఇట్టే కలిసిపోయారు.

"రిజిస్టర్ తెరిచినాక పిలువప్పా, వచ్చి సంతకం పెడతాను. బస్సులో మాత్రం రాను. కారు తేవల్ల," అందామె.

"నాకు సైకిలుండాదవ్వా. వెనక కూర్చుంటావా?"

"నువ్వు తొక్కితే కూర్చుంటా. పడేస్తే మాత్రం సైటు వాపసు."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఇంట్లో ఆమెలాగే మాట్లాడేవారు. ఆఫీసు నుంచి వస్తూనే "బువ్వ ఉండాదా లేదా" అని అడిగేవారు. నాది నెల్లూరు. నాకు నవ్వొచ్చేది, నవ్వితే ఇంకా ఎక్కువ చేసేవారు.

కొన్నేళ్ళకు మా వైపు రిజిస్ట్రేషన్లు తెరిచారు. మడివాళలోని బ్యాంకులో ఒక ఖాతా విడిగా తెరిచి నెలనెలా కొంత వేయడం మొదలుపెట్టాం. దానికి మేము పెట్టుకున్న పేరు రిజిస్ట్రేషన్ డబ్బు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, లాయరు, పత్రం రాసేవాడు, పన్ను రికార్డుల్లో పేరు మార్పు, రసీదు రాని ఖర్చులు, అన్నీ అందులోంచే. సైటు కొన్నప్పుడు ఇవేవీ మా లెక్కలో లేవు. ధర ఒక్కటే ఖర్చు అనుకునే వయసు.

ఆ డబ్బు ఒక్కసారి కూడా రిజిస్ట్రేషన్‌కు పోలేదు. మొదట బోరు ఎండిపోయి, లోతు పెంచాల్సి వచ్చింది. ఆయనకు తెలిసినవాళ్ళు పీణ్య ఫ్యాక్టరీల్లో ఉంటే అక్కడి నుంచి కొత్త మోటారు తెచ్చి తానే బిగించారు. మళ్ళీ కూడబెట్టాం. అది వంటింటి కిటికీకి పోయింది. పాత కిటికీ చిన్నది, మధ్యాహ్నానికే దీపం వేసుకోవాల్సి వచ్చేది.

"రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పారిపోదు. నువ్వు చీకట్లో కూరలు తరుగుతున్నావు," అన్నారు.

"రేట్లు పెరుగుతాయండీ."

"సైటు రేటు పెరిగితే మంచిదేగా."

"మనకు కాదు. స్టాంపులవాళ్ళకు."

"అయితే వాళ్ళనే వచ్చి కూరలు తరగమను," అని తాపీమేస్త్రీని పిలవడానికి వెళ్ళారు.

మూడోసారి ఆ డబ్బుతో మంగళూరు వెళ్ళాం. ఆయన అప్పటివరకు సముద్రం చూడలేదు. నేను సముద్రం పక్కనే పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట నమ్మలేకపోయాను. తెల్లవారి ఒడ్డుకు వెళితే, చెప్పులు చేతిలో పట్టుకుని, ప్యాంటు మడిచి, చాలాసేపు కదలకుండా నిలబడ్డారు. ఏమైనా అంటారేమోనని చూశాను. "దీనికి హద్దురాళ్ళు ఎవరు పాతారు?" అన్నారు. అంతే అన్నారు.

ఆ ఖర్చుల గురించి నన్ను తర్వాత చాలామంది అడిగారు. అంత చదువుకున్నదానివి, ఇంత అజాగ్రత్త ఏమిటి అని. జాగ్రత్తగా ఉండి ఉంటే నా దగ్గర ఒక పత్రం ఉండేది. సముద్రం ఒడ్డున ఆ ఉదయం ఉండేది కాదు.

ఆయన రెండువేల నాలుగులో పోయారు. గుండె. యాభై దాటి ఎంతో కాలేదు.

నెలలు గడిచాక మా తమ్ముడి బలవంతం మీద మడివాళలో ఒక లాయరు దగ్గరకు వెళ్ళాను. ఆయనా తెలుగువారే, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాగితాలన్నీ చదివి పక్కన పెట్టారు.

"జీపీఏ మీవారి పేరున ఉందమ్మా."

"అవునండీ."

"అధికారం ఇచ్చింది ఆయనకు. ఆయన లేరు కాబట్టి అదీ లేనట్టే. దీంతో మీ పేరున ఏమీ చేయలేం." కొంచెం ఆగి అడిగారు. "ఆ పెద్దావిడ ఉన్నారా?"

నాకు తెలియదు. చాలాకాలంగా మేము ఆమెను చూడలేదు.

ఉంది. నేను వెళ్ళేసరికి పల్లెలో ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. చూపు దాదాపు పోయింది. నేనెవరో చెప్పాను.

"సైకిలప్ప పెండ్లామా. ఆయప్ప యాడుండాడు, రాలేదా?"

చెప్పాను. ఆమె చేత్తో అరుగు మీద తన పక్కన తట్టింది. కూర్చున్నాను.

పెద్ద కొడుకు పొలం నుంచి వచ్చాక అసలు సంగతి మొదలైంది. అతను మర్యాదగానే మాట్లాడాడు.

"అక్కా, అప్పుడు మేము అమ్మిన రేటేమి, ఇప్పుడు అక్కడ ఉండే రేటేమి. మీకు తెలియంది కాదు. చెల్లెండ్లు ఇద్దరూ కూడా సంతకం పెట్టల్ల. ఊరికే రమ్మంటే వస్తారా?"

"రేయ్, నేనమ్మింది, దుడ్డు తీసుకునింది. ఆ దుడ్డుతో ఎవరి పెండ్లి చేసినాను?" అంది పెద్దామె.

"అది వేరే మాట, అమ్మా."

"ఏమి వేరే? పెండ్లి వాపసు ఇస్తావా?"

లోపల అతని భార్య నవ్వు వినబడింది. అతనూ నవ్వాడు. అయినా అడిగింది వదల్లేదు. ఆడపిల్లలకు చీరలు, పసుపు కుంకుమల కింద కొంత, అతనికి కొంత. నేను బేరమాడాను. మా ఇంట్లో ఎప్పుడూ బేరమాడింది ఆయన. నేను పక్కన నిలబడి, ఇక చాలు రండి అని కొంగు సర్దుకునేదాన్ని. ఆ రోజు అలా అనేవాళ్ళు ఎవరూ లేక, బేరం ఎక్కడ ఆపాలో తెలియలేదు. చివరికి పెద్దామే ఆపింది.

డబ్బు ఆయన కంపెనీ నుంచి వచ్చిన పీఎఫ్‌లోంచి తీశాను. ప్రభుత్వం కట్టిన విలువ మీద స్టాంపు డ్యూటీ వేస్తే, సైటుకు మేమిచ్చిన ధర కంటే అదే ఎక్కువైంది. లాయరు ఫీజు వేరే. అదంతా నాకు పట్టలేదు. పట్టింది మరొకటి.

లాయరు పత్రం ముసాయిదా చదివి వినిపించారు. పెద్దామె, ఆమె పిల్లలు నాకు ఈ ఖాళీ సైటును అమ్ముతున్నారు. డబ్బు నా నుంచి వాళ్ళకు పూర్తిగా ముట్టింది. ఈ రోజు నుంచి అది నా స్వాధీనం.

"ఖాళీ సైటు అంటే?" అన్నాను.

"ఇల్లు మీరు కట్టుకున్నారు కదమ్మా. ఆమె అమ్మేది నేల మాత్రమే. ఇల్లు కూడా ఇందులోకి తెస్తే, మీ ఇంటిని మీరే కొన్నట్టవుతుంది, దానికీ డ్యూటీ."

అది అర్థమైంది. "మావారి పేరు?"

"ఉంది. ఫలానా ఆయన భార్య అని మీ పేరు పక్కన."

"అది కాదండీ. ఈ సైటు కొన్నది ఆయన. అది ఎక్కడా లేదు. ఒక్క వాక్యం రాయలేరా? ఫలానా సంవత్సరంలో ఈయన డబ్బు ఇచ్చి సైటు స్వాధీనం చేసుకున్నారు, ఆయన పోయాక భార్య పేరున ఇప్పుడు రిజిస్టర్ చేస్తున్నాం అని."

లాయరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రాయొచ్చమ్మా. నిజమే కదా. రాస్తే ఆఫీసులో ఆ పాత కాగితం ఏదీ అంటారు. చూపిస్తే, స్వాధీనం ఇచ్చేసిన పత్రానికి ఇంత చిన్న స్టాంపు ఏమిటంటారు. అప్పటి డ్యూటీ, దాని మీద జరిమానా. ఆ ఒక్క వాక్యానికి మీకు మరో రిజిస్ట్రేషన్ అంత ఖర్చవుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పని ఎన్ని నెలలు ఆగుతుందో చెప్పలేను. ఆమె వయసు చూశారు కదా."

ఆలోచించుకుంటానని ఇంటికి వచ్చాను. మిగిలిన పీఎఫ్ ఎంతో, నా జీతం ఎంతో చూసుకున్నాను. ఆయన్ను అడిగితే ఏమంటారో నాకు తెలుసు. ఒక వాక్యానికి అంత డబ్బా, దాంతో పై గది వేయించుకో అంటారు. ఎప్పుడూ ఆయన మాటే గెలిచేది. ఈసారి మాత్రం నేను గెలవాలని ఉండింది. పుస్తకాలు సర్దే ఉద్యోగం చేసినదాన్ని. ఎవరు రాశారో, ఎవరు ఇచ్చారో ప్రతి పుస్తకం మీదా ఉంటుంది. ఆయన కట్టిన ఇంటి పత్రంలో ఆయన లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

పెద్దామెకు జ్వరమని ఆ వారమే కొడుకు ఫోన్ చేశాడు. తగ్గింది గానీ నేను భయపడ్డాను. వాక్యం వద్దని లాయరుకు చెప్పాను.

రిజిస్ట్రేషన్ రోజున పెద్దామెకు కారు మాట్లాడాను. రిజిస్ట్రారు ఆఫీసులో జనం నిండి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అధికారి నడివయసు మనిషి, విసుగున్నా గట్టిగా మాట్లాడని రకం. అమ్మేవాళ్ళను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు, కన్నడంలో.

"అజ్జీ, దుడ్డు ఎల్లా బంతా?"

డబ్బంతా ముట్టిందా అని. పెద్దామె తెలుగులోనే జవాబిచ్చింది. "వచ్చిండాది సామీ. ఆయప్ప అప్పుడే ఇచ్చేసినాడు."

అధికారి కలం ఆపాడు. అతనికి తెలుగు బాగానే వచ్చు. "ఏ అప్ప?"

"పెద్ద వయసు సార్, మరిచిపోతుంటారు," అన్నారు లాయరు.

"మరిచేదానికేముండాది? ఈయమ్మ ఇంటాయన. మా ఇంట్లో చాప మీద కూర్చుని ఇచ్చినాడు. మజ్జిగ కూడా తాగినాడు."

కొడుకు ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. అధికారి పత్రం వెనక్కి తిప్పి ఒక పేజీ చదివి నా వైపు చూశాడు. "ఏమ్మా? డబ్బు ఇచ్చింది ఎవరు?"

ఆ గదిలో ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి నిజం.

"నేనే ఇచ్చాను సార్," అన్నాను.

పెద్దామె నా గొంతు వినబడిన వైపు తిరిగింది. "నువ్వా?"

"నేనే అవ్వా."

చూపు లేని ఆ కళ్ళు నన్ను చూడలేవని నాకు తెలుసు. అయినా తల దించుకున్నాను. "సరే సామీ," అంది చివరకు, "ఈయమ్మే అంటాది. రాసుకో."

వేలిముద్రలయ్యాయి. సంతకాలయ్యాయి. ఫొటోలు తీశారు. పత్రం తర్వాత వచ్చి తీసుకోమన్నారు. అందరం హోటల్లో భోంచేశాం. కూతుళ్ళు చీరల రంగులు మార్చుకున్నారు. పెద్దామె నాకు దూరంగా, కొడుకు పక్కన కూర్చుంది.

కారెక్కేటప్పుడు, "ఇల్లు చూపీ," అంది.

కొడుకు పొద్దుపోతుందన్నాడు. ఆమె వినలేదు. పునాది తవ్విన రోజు తర్వాత ఆమె మళ్ళీ మా వైపు రాలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ముందు గదిలో గోడ తడుముకుంటూ నడిచి, కుర్చీ తగిలాక కూర్చుంది. మంచినీళ్ళు తాగింది.

"అట్లెందుకు చెప్పినావు?" అని అడిగింది.

లాయరు చెప్పినదంతా చెప్పాను. ఎంతవుతుందో కూడా చెప్పాను.

"అంతైతే నేనూ అట్లే చెప్పుంటాను," అంది. కొంతసేపటికి, "ఈ ఇల్లు ఆయప్పే కట్టించినాడా?"

"అవునవ్వా. ఆయనే. ప్రతి ఆదివారం మేస్త్రీతో పాటు తానూ దిగేవారు. గోడలకు నీళ్ళు పట్టింది ఆయనే."

"తక్కిన దినాలు?"

"తక్కిన రోజులు డ్యూటీ అయ్యాక వచ్చేవారు. వాన వస్తే సిమెంటు బస్తాల మీద తన చొక్కా కూడా కప్పేవారు. చొక్కా కప్పితే ఆగుతుందా అని నేను అడిగితే..."

బయట కొడుకు హారన్ కొట్టాడు. నేను ఆగాను. ఆయన పోయాక నేను అంతసేపు ఆయన గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చినవాళ్ళంతా నా గురించే అడిగారు, ఎలా ఉన్నావు, ఎలా ఉంటావు అని.

హారన్ మళ్ళీ మోగింది. పెద్దామె లేవలేదు. గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

"చెప్పమ్మా. అడిగితే ఏమన్నాడు?"

చెప్పాను.