వరసకు పిన్నిని

పాంప్లెట్ కొట్టించడానికి శ్రీకాకుళంలో డీటీపీ సెంటరుకి వెళ్లిన రోజే నాకు అర్థం కావాల్సింది. కంప్యూటర్ ముందు కూర్చున్నతను నేను రాసుకెళ్లిన కాగితం రెండుసార్లు చదివి, "ఏటి మేడం, ఆస్పత్రి పెడతన్నారా?" అన్నాడు.

కాదన్నాను.

"మందులా?"

కాదన్నాను.

"మరేటి సేస్తారు?"

"నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ పుట్టేదాకా తల్లి పక్కన ఉంటాను. నడుం రాస్తాను, నడిపిస్తాను, భయపడకుండా చూస్తాను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "పక్కనుండడానికి ఇంట్లో ఆడోల్లుంటారు కదండి. దానికి పాంప్లెట్టెందుకు?"

ఆ తర్వాత ఏడాది పొడవునా నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. నీలికళ్ల విదేశీ పసిపాప బొమ్మ ఒకటి తీసి నా ఫోన్ నంబరు పక్కన అంటించాడు. మన పిల్లల బొమ్మ పెట్టవయ్యా అంటే, "తెల్లగుంటేనే సూస్తారండి" అన్నాడు. వెయ్యి పాంప్లెట్లు, వెయ్యిమంది నీలికళ్ల పిల్లలు. 'కాన్పులో మీకు తోడు' అని పైన పెద్ద అక్షరాలు. వాటిని చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతకుముందు పదకొండేళ్లు ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో లేబర్ రూం నర్సుని. మూడు బెడ్లు, నేను, ఒక ఆయా. మూడు బెడ్లూ నిండిన రోజు ఎవరి దగ్గరా పట్టుమని పది నిమిషాలు నిలబడలేం. అరిచేవాళ్లని అరవొద్దని అరుస్తాం. లేబర్ రూముల్లో ఆడవాళ్లే ఆడవాళ్లని అనే ఒక పాడు మాట ఉంది, ఇక్కడ రాయను, కన్నవాళ్లందరికీ తెలుసు. ఆ మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు.

ఒకనాడు ఒక చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవు, నా చేయి పట్టుకుని "ఒక్క నిమిసం ఉండండి సిస్టర్" అంది. పక్క బెడ్‌లో బిడ్డ తల కనబడుతోంది. చేయి విడిపించుకుని వెళ్లిపోయాను. నా తప్పేం లేదు. కానీ ఆ పిల్ల వేళ్లు మాత్రం నా మణికట్టు మీద చాలాకాలం ఉన్నాయి. చివరికి ఉద్యోగం మానేశాను. హైదరాబాద్ వెళ్లి, ప్రసవంలో తోడుండడం ఎలాగో నేర్పేచోట నేర్చుకుని వచ్చాను.

మా ఆయన అరసవల్లిలో ఒక లాడ్జి చూసుకుంటాడు. మంచివాడే, కాకపోతే లెక్కమనిషి. "వచ్చే రథసప్తమి దాకా సూద్దాం. అప్పటికీ ఎవులూ రాకపోతే మళ్లీ డ్యూటీకి పోదువుగాని," అన్నాడు. ఒప్పుకున్నాను. ఏడాదంటే చాలా పెద్దది అనుకున్నాను.

జనాన్ని వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాను. లాడ్జి కౌంటరు మీద పాంప్లెట్లు పెడితే, దర్శనానికి వచ్చినవాళ్లు వాటి వెనక బస్సు టైములు రాసుకున్నారు. గుడి క్యూలో పంచితే, ఒక పెద్దాయన చక్కగా పరుచుకుని దాని మీద కూర్చున్నాడు. ఆశా కార్యకర్త ఒకామె, "మా కేసులు లాక్కుపోతావా ఏటి?" అంది. ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ అమ్మాయి తలెత్తకుండానే, "కేసు తెస్తే కమీషన్ ఎంతిస్తారో డాక్టరుగారినే అడగండి," అంది. నేను కేసులు తెచ్చే మనిషిని కాదని చెప్పబోతే, "మరి ఎందుకొచ్చారు?" అంది. ఎవరో సీమంతానికి పిలిస్తే వెళ్లి, గాజులు తొడిగి, సంచిలోంచి పాంప్లెట్ తీశాను. అత్తగారు దాన్ని గబుక్కున నా సంచిలోకే తోసేసి, "ముందుగా ఇలాంటివి మాటాడకూడదమ్మా," అంది. కాన్పయ్యాక నాతో పనేముంటుంది తల్లీ అని అడగాలనిపించింది. పులిహోర తిని వచ్చేశాను.

వాట్సాప్ స్టేటస్ పెడితే చుట్టాలందరూ దండాలు పెట్టారు. పనికి పిలిచినవాళ్లు మాత్రం లేరు. ఏడు నెలలు అలాగే పోయాయి.

అప్పుడు అరసవల్లి రోడ్డులో కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. గరివిడిలో ఇచ్చారు, తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. తనకి భయంగా ఉందంది. సాయంత్రం వెళ్లాను. కొట్టు వెనక గదిలో తల్లి నాకు మజ్జిగ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడింది.

"మా గుంట అడుగుతన్నాది గాబట్టి రమ్మంటన్నాను. గానీ ఒక్కటి. కన్నతల్లి బతికుండగా కూలికి మనిషిని పెట్టుకున్నాదని దాని అత్తోరికి తెలిస్తే నాను తలెత్తుకోలేను. ఆస్పత్రిలో కూడా ఇంట్లో మనిషినైతేనే లోపలికి పంపుతారు. నువ్వు నాకు సెల్లెలి వరసని సెప్తాను. దానికి పిన్నివి. ఏటంటావు?"

నేను నవ్వాను. మన వైపు కొత్త మనిషికి ముందు ఒక వరస తగిలించి, ఆ తర్వాతే మంచినీళ్లిస్తారు. వరస కలపకపోతే ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో మనకి తెలియదు. ప్రేమగానే అంటోంది కదా, పోయేదేముంది అనుకుని సరేనన్నాను. ఏడాది మొత్తంలో నేను చేసిన తప్పు ఆ సరేనన్న మాటే.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయికి తెల్లారుతూనే నొప్పులు మొదలయ్యాయి, సాయంత్రం అయిదింటికి ఆడపిల్ల పుట్టింది. అంతసేపూ నేను కూర్చోలేదు. కారిడార్లో ఎన్నిసార్లు తిప్పానో తెలియదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ నా మెడ పట్టుకుని వేలాడేది, తగ్గాక "పిన్నీ, ఉన్నావా?" అనేది. ఉన్నానమ్మా అనేదాన్ని. మధ్యాహ్నం డ్యూటీ నర్సు గట్టిగా ఏదో అనబోయి, నావైపు చూసి ఊరుకుంది. నేను పక్కనుంటే ఆ పాడు మాట ఎవరూ అనలేకపోయారు. నేను మానేసిన ఉద్యోగానికీ, పంచిన వెయ్యి కాగితాలకీ అదొక్కటే సమాధానం. ఇంటికొచ్చి స్నానం చేస్తూ ఏడ్చాను, సంతోషంతోనే.

పదకొండోరోజు పురిటిస్నానానికి పిలిచారు. అమ్మాయి అత్తగారు నా చేతులు పట్టుకుని, "పిన్నంటే మీలా ఉండాల," అంది. బొట్టుపెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. ఆ చుట్టాల్లో ఇద్దరు గర్భిణులు నాకు ఎదురుగానే కూర్చున్నారు. పాంప్లెట్లు సంచిలోనే ఉన్నాయి. పిన్ని పాంప్లెట్లు పంచుతుందా?

తర్వాత ఇంకో ముగ్గురు పిలిచారు. ఒకరికి వదినని, ఒకరికి పెద్దమ్మని. భావనపాడులో పడవలవాళ్లింట్లో మేనత్తని, అక్కడ నన్ను చేపల పులుసు తినేదాకా వదల్లేదు. ముగ్గురి తల్లులూ అదే షరతు పెట్టారు, ముగ్గురూ కాన్పయ్యాక చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక నాలుగు మాటలు మీ పేరుతో రాసిస్తారా, ఇంకొకరికి చూపించుకుంటాను అంటే, "అయ్యో, సుట్టం గురించి రాసిత్తే బాగుండదమ్మా," అన్నారు. నాలుగు కాన్పుల్లో తోడున్నాను. నన్ను పనికి పెట్టుకున్నామని చెప్పే నోరు ఒక్కటీ లేదు. ఊరి మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. ఆస్పత్రి కసురుకుంటే సర్దుకుపోతారు, బిడ్డని కనే అమ్మాయి హడలి చచ్చినా సర్దుకుపోతారు. తోడుకి మనిషిని పెట్టుకున్నామని చెప్పుకోవడానికి మాత్రం పరువు అడ్డొస్తుంది.

రథసప్తమి వారం రోజులుందనగా కిరాణా కొట్టుకి వెళ్లాను. ఆ అమ్మాయిని బతిమాలుకుందామనే వెళ్లాను. తెలిసినవాళ్లలో ఎవరికైనా, ఒక్కరికైనా, నా సంగతి ఉన్నదున్నట్టు చెప్పమని. రేపోమాపో అత్తవారింటికి ప్రయాణమట, తీసుకెళ్లడానికి అత్తగారు వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. అమ్మాయి ఒళ్లో బిడ్డ. కొట్టు ముందు నిండు గర్భిణి ఒకామె అమ్మాయి తల్లి చేత బెల్లం తూయించుకుంటోంది.

"నీకు బాగా జరిగిందంట కదా. భయమెయ్యలేదా?" అని అడిగింది గర్భిణి.

"మా పిన్నుంది కదా," అని అమ్మాయి నన్ను చూపించింది. "పొద్దున్నుంచి సాయంత్రందాకా నన్ను వదల్లేదు. పిన్ని లేకపోతే నాను సచ్చిపోదును."

గర్భిణి నావైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, పదకొండేళ్లు బెడ్ల మీంచి చూసిన చూపే. "అదృష్టవంతురాలివే నువ్వు. మా అమ్మ లేదు. నాకు ఇలాంటి పిన్ని ఎక్కడినించొస్తాది?" అంది.

నా చేయి సంచిలోకి వెళ్లింది. వేళ్లకి పాంప్లెట్ తగిలింది. కొట్టావిడ నన్నే చూస్తోంది. తూకం రాయి చేతిలోనే ఉండిపోయింది. అత్తగారు బిడ్డ ముందు చిటికెలు వేస్తూ నవ్వుతోంది. ఒక్క కాగితం తీస్తే ఈ పిల్లకి నేను దొరుకుతాను, ఆ తల్లి పరువు నడివీధిలో పడుతుంది. ఎవరికి అన్యాయం చెయ్యాలో తేల్చుకునేలోగా గర్భిణి బెల్లం తీసుకుని ఆటో ఎక్కేసింది.

కొట్టావిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కిలో పెసరపప్పు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. డబ్బులు తియ్యబోతే, "సుట్టాల దగ్గర డబ్బులేటమ్మా," అంది. ఆ పప్పు తెచ్చుకున్నాను, వండుకున్నాను కూడా.

రథసప్తమి వెళ్లాక మళ్లీ డ్యూటీలో చేరాను. అవే మూడు బెడ్లు. ఆయా మారింది.

చేరిన రెండో వారం, మూడు బెడ్లూ నిండిన రోజు, మధ్య బెడ్ మీదికి ఆ గర్భిణినే తెచ్చారు. రూలు ప్రకారం వెంట వచ్చిన ఆడపడుచుని బయట కూర్చోమని చెప్పింది నేనే. నొప్పి తగ్గిన సందులో ఆమె నన్ను పోల్చుకుంది. మొహం ఒక్కసారి వెలిగిపోయింది. నా చేయి గట్టిగా పట్టుకుని, "మీరు ఆ పిన్నిగారు కదా?" అంది.

"కాదమ్మా. సిస్టర్ని," అన్నాను.

మూడో బెడ్ ఆమె కేక పెట్టింది. చేయి విడిపించుకుని వెళ్లాను.