మేనమామకు చెల్లని ప్రేమ

ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మేనమామ మేనల్లుడికి బంధువు. మేనల్లుడు మాత్రం మేనమామకు ఏమీ కాడు. ఈ మహత్తర సత్యం చేనేత బట్టల వ్యాపారి పాండురంగయ్యకు యాభై తొమ్మిదో ఏట, బెంజ్ సర్కిల్ దగ్గర ఆడిటర్ యేసుకుమార్ ఆఫీసులో బోధపడింది.

"మీరు అతనికి కోటిచ్చినా పన్ను లేదండీ. అతను మీకు ఏడాదిలో యాభై వేలు దాటి ఇచ్చాడా, మొత్తం మీ ఆదాయమే!"

"నా ఇంట్లో తిని చదువుకున్నాడండీ!"

"తిండి సంగతి చట్టంలో లేదండీ."

అద్దెకున్న కొట్టును మామయ్య సొంతం చేసుకోవాలని, డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు భానుచందర్ ఇరవై లక్షలు పంపబోతున్నాడు. అందులో మూడు లక్షలదాకా పన్నుకు పోతే నెలాఖరు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. కొట్టు పక్కనున్న సెల్‌ఫోన్లవాడి పాలవుతుంది.

"ఒక దారుందండీ. అతను వాళ్లమ్మగారికి పంపితే పన్ను లేదు. ఆవిడ తమ్ముడైన మీకిస్తే అదీ లేదు. కాకపోతే ఆవిడ చేతికొచ్చాక డబ్బు ఆవిడదే. మనస్ఫూర్తిగా ఇవ్వాలి."

పాండురంగయ్య నీరుగారిపోయాడు. అక్క వెంకటరావమ్మ ఏడాదిగా ఆయనతో మాట్లాడటం లేదు. ఆవిడ గృహప్రవేశానికి తన కొట్లోంచే తెచ్చి పెట్టిన పుట్టింటి చీర మీద "ఒకటి కొంటే ఒకటి ఉచితం" చీటీ ఊడదీయడం మరిచాడు. పీటల చుట్టూ చేరిన వాళ్లంతా చదివారు.

ఆదివారం దానపత్రం పట్టుకుని గుణదలలో అక్క ఇంటికి వెళ్లాడు. కథంతా విని, అక్క కళ్లజోడు పెట్టుకుంది.

"'సహజమైన ప్రేమాభిమానాలతో'... ఏంట్రా ఇది?"

"అలాగే రాయాలటక్కా."

"నీ కొట్టు పోతే నాకేం సంతోషం? డబ్బిస్తా. ఈ ముక్క మాత్రం అబద్ధం, కొట్టెయ్."

పాండురంగయ్య అక్కడినుంచే స్పీకర్ పెట్టి ఆడిటర్‌కు ఫోన్ చేశాడు.

"అది కొట్టేస్తే మరెందుకిచ్చారని అడుగుతారండీ," అన్నాడు యేసుకుమార్.

"నన్నే అడగమను," అంది అక్క. "అది సరే, ఆ ఉచితంగా వచ్చిన రెండో చీర ఎవరికి పెట్టావు?"

"మా నాగవేణికి..."

"నాగవేణికి! అంటే పెళ్లానికి కొన్నావు, నాకు ఉచితంగా వచ్చింది పెట్టావు!"

ఏ చీర ఉచితమో తేల్చే విధానం ఏ చట్టంలోనూ లేదు. చివరికి అక్కే కాగితం దగ్గరికి లాక్కుంది.

"సంతకం పెడితే చదివి ఒప్పుకున్నట్టు. వేలిముద్ర వేస్తా. తే!"

ముప్పై రెండేళ్లు తెలుగు టీచరుగా పనిచేసిన వెంకటరావమ్మ ఎడమ బొటనవేలు చాచింది. ఆదివారం మధ్యాహ్నపు ఎండలో పాండురంగయ్య స్టాంప్ ప్యాడ్ కోసం మూసి ఉన్న కొట్ల వెంట తిరగసాగాడు.