నా వేగానికే జవాబు

డబ్బింగ్ థియేటర్‌లో నన్ను రోజంతా తరుముతూనే ఉంటారు. "జర స్పీడ్‌గా చెప్పున్రి మేడమ్, హీరోయిన్ పెదవులు ఆగిపోయినయ్" అంటాడు సౌండ్ ఇంజనీర్.

సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లో మా మేడ మీద నీళ్ల ట్యాంకుకు తీగ కట్టి, సబ్బుపెట్టెంత రేడియోకి బ్యాటరీ తగిలిస్తాను. జీరో బల్బుకి సరిపడేంత కరెంటుతో, ఎవరైనా ఉన్నారా అని మీట నొక్కుతూ మోర్స్ కోడ్ చుక్కలూ గీతల్లో పిలుస్తాను. నా చెయ్యి బాగా నిదానం.

నిన్న కొండరాళ్ల మీద ఎండ గులాబీ రంగుకు తిరుగుతుండగా జపాన్ నుంచి ఒకాయన పలికాడు. చెయ్యి తిరిగినవాడని వింటేనే తెలుస్తోంది. కానీ పిలిచినవాళ్ల వేగాన్ని మించి జవాబివ్వకూడదని మా రేడియోవాళ్ల మర్యాద. ఒక్కో అక్షరం దగ్గరా నాకోసం ఆగుతూ తన పేరు చెప్పాడు.

పక్కన ఫోన్ మోగింది. స్టూడియో వాళ్లు. మోగనిచ్చాను.