నేను అతికించిన మీసాలు

ఈ ఉదయం మేకప్ గదిలో మా అసిస్టెంట్ స్వప్న మీసాలు అతికించే స్పిరిట్ గమ్ సీసా తెరుస్తుంటే మూత ఆమె వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది. ఘాటు వాసన గదంతా పరుచుకుంది. ముప్పై ఏళ్లకు పైగా రోజూ పీల్చే వాసనే. కానీ మూత పడిన చప్పుడుతో కలిసి వచ్చేసరికి ఒళ్లు జల్లుమంది. మా గురువు వెంకటరత్నంగారి చేతిలోంచి కూడా మొదట జారింది ఇలాంటి మూతే.

ఆయనది భీమవరం దగ్గర పల్లె. మద్రాసులో పని నేర్చుకుని, ఎనభైల్లో ఫిల్మ్ నగర్ చేరిన మేకప్‌మ్యాన్. నేను బోరబండ నుంచి వచ్చి ఆయన దగ్గర కుదిరాను. పెట్టుడు మీసం ఆయన ఒక్కో వెంట్రుకనీ సర్దుతూ అతికించేవారు. ఒక నటుడు ఆ మీసంతోనే ఇంటికెళ్లి, భోంచేసి పడుకున్నాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. "అతుకు కనపడిందంటే మొహం మీద అబద్ధం రాసినట్టేరా యాదగిరీ" అనేవారు. అలాంటి మనిషికి తొంభైల మొదట్లో దువ్వెన పట్టు తప్పసాగింది. చొక్కా గుండీలు పెట్టుకోలేక లాల్చీలకు మారారు. "తల వంచితే వీపులో కరెంటు పాకుతోందిరా" అంటే, తెలివిగలవాడిలా నేనే ఆయన్ని మా బస్తీ మంగలి దగ్గరకు తీసుకెళ్లాను. అతను తల మాలిష్ చేసి మెడను టక్కుమని విరిచాడు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

గమ్ ఘాటుకు కళ్లు మండుతాయని కుర్చీలో కూర్చున్న నటులు కళ్లు మూసుకుంటారు. మేకప్ అయ్యేదాకా తలుపు తీయకూడదన్నది మా గదుల్లో ఆనవాయితీ. ఈ రెండూ మాకు కలిసొచ్చాయి. గురువుగారు పక్కన నిలబడి కబుర్లు చెప్పేవారు, నేను మీసం పెట్టేవాణ్ణి. మాట ఆయనది, చేతులు నావి. ఎనిమిది నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. గురుదక్షిణ చెల్లిస్తున్నానని లోలోపల గర్వపడ్డాను కూడా.

అప్పటికి ఆయన నడక తూలడం మొదలైంది. పొద్దున్నే తాగి వస్తున్నాడని ప్రొడక్షన్ మేనేజర్ అందరి ముందూ అన్నాడు. చుక్క ముట్టని మనిషాయన. నాకు ఒళ్లు మండింది.

"నేను పోయి చెప్త గురువుగారూ, మీకు బాగలేదని."

"వద్దురా. తాగుబోతుని తిట్టినా రేపు మళ్లీ పిలుస్తారు. చెయ్యి పడిపోయిన మేకప్‌మ్యాన్‌ని ఎవడు పిలుస్తాడు?"

ఎండాకాలం ఒక మధ్యాహ్నం స్టూడియో మెట్లు దిగుతుంటే ఆయన ఎడమ చెప్పు జారిపోయింది. ఆయన ఆగలేదు. కాలే బండ మీద వట్టి కాలితో పది అడుగులు వేశారు. చెప్పు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను.

"కాలు కాలుతలేదా?"

ఆయన కిందికి చూసుకున్నారు. "చెప్పు ఏదిరా?" అన్నారు. అది నా చేతిలో ఉంది. ఆ సాయంత్రమే ఆయన భార్య సీతమ్మగారికి అంతా చెప్పేశాను. మర్నాడే ఆవిడ ఆయన్ని ఆసుపత్రికి బయల్దేరదీశారు.

బంజారా హిల్స్‌లోని ఆసుపత్రిలో స్కానింగ్ చూసి డాక్టర్ వివరించాడు. మెడ ఎముకలు అరిగి, వాటి మధ్య మెత్తటి డిస్కు వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కుతోంది. చేతులకూ కాళ్లకూ కబురు వెళ్లే దారి అదే. "మెడ వెనక కొంత ఎముక తీసి వెన్నుపాముకు చోటిస్తాం. ఇంకా పాడవకుండా ఆపడానికే ఈ ఆపరేషన్. పోయింది ఎంత తిరిగొస్తుందో మాటివ్వలేను. మెడ విరిపించడం మాత్రం ఇక జన్మలో చేయకండి" అని, నా వైపు తిరిగి అడిగాడు. "ఇన్నాళ్లూ ఆయన పని తేడాగా ఉందని ఎవరూ గమనించలేదా?"

నేను స్కానింగ్ ఫిల్ములు తీసి కవరులో పెట్టాను.

ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి కసరత్తులు చేయించారు. ఆయన కర్ర పట్టుకుని నడిచారు. వేళ్లలో పట్టు మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఆయనకు గుండీలు పెడుతూ ఏడ్చేశాను. "నేను దాయకపోయుంటే మీ చేతులు దక్కేటివి గురువుగారూ."

ఆయన తప్పు నాది కాదని అనలేదు. నాతో అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. "ఇద్దరం కలిసి చేశాంరా" అన్నారు. తర్వాత నా వేళ్లకేసి చూస్తూ, "నువ్వు కాస్త వంకరగా పెట్టుంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నాకన్నా బాగా పెట్టావు" అన్నారు.

ఆయన నోటి నుంచి నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఇప్పటికీ ఎవరైనా నా పనిలో అతుకు కనపడలేదంటే గుండెలో కలుక్కుమంటుంది.

ఈ ఉదయం స్వప్న కింద పడిన మూత తీసుకుని, "ఏం లేదు సార్, మీరు జర ఈ మీసం పెట్టేయండి" అంది. నా చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. "ముందు ఆ హ్యాంగర్‌కున్న చొక్కా గుండీ ఒకటి విప్పి పెట్టి చూపించమ్మా" అన్నాను. రెండు నిమిషాలైనా గుండీ కాజాలో దూరలేదు. నేను వెళ్లి మేకప్ గది తలుపు బార్లా తీశాను.