కోటా అక్క, వ్యాన్ల లెక్క

మా ఆఫీసులో ఆమెను అందరం కోటా అక్క అంటాం. ఎవరేం అడిగినా ముందు "ఎంత కావాలి? ఎందుకంత?" అని ఆరా తీస్తుంది. అడిగినంత ఇచ్చిన పాపాన ఎప్పుడూ పోలేదు. పక్క కుర్చీ నాది కాబట్టి ఆమె చీవాట్లలో పెద్ద వాటా నాకే దక్కుతుంది.

కిడ్నీ రోగులను ఇళ్ళ నుంచి డయాలసిస్ సెంటరుకు తీసుకెళ్ళే వ్యాన్లు ఎక్కడున్నాయో, ఇంకెన్ని నిమిషాల్లో వస్తాయో వాళ్ళ ఫోన్లలో చూపించడం మా పని. ప్రతి వ్యానూ తానెక్కడుందో, ఎంత వేగంతో వస్తోందో క్లౌడ్‌లోని డేటా స్టోరులో ఎప్పటికప్పుడు రాస్తూ ఉంటుంది. రోగి ఫోన్ తెరవగానే మా మోడల్, అంటే రాక సమయం అంచనా వేసే ప్రోగ్రాము, అక్కడున్నది చదివి లెక్క కడుతుంది. సెకనుకు ఎన్నిసార్లు చదవనివ్వాలి, ఎన్నిసార్లు రాయనివ్వాలి అన్నది రెండు వేరువేరు గడుల్లో ముందే నింపి పెట్టాలి; అది అక్క పని. ఆ హద్దు దాటి వచ్చినదాన్ని స్టోరు మొహమాటం లేకుండా తిప్పి పంపేస్తుంది. హద్దు పెంచితే బిల్లు పెరుగుతుంది. రద్దీని బట్టి స్టోరే పెంచుకునే సదుపాయం ఉంది గానీ అక్కకు అది గిట్టదు.

"ఇంటి తాళాలు పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి నిద్రపోతామా?" అంటుంది.

అక్క అత్తగారు కూడా రోజు విడిచి రోజు మా వ్యానులోనే డయాలసిస్‌కు వెళ్తుంది. కోడలి ఉద్యోగం ఆవిడ కంటికి ఏనాడూ ఆనలేదు. "రెండు అంకెలు మార్చడానికి పొద్దస్తమానం ఆఫీసులో కూర్చోవాలా?" అని వచ్చినవాళ్ళందరి ముందూ దెప్పుతుంది. అక్క పంటి బిగువున నవ్వి ఊరుకుంటుంది.

ఆ వారం ఫోన్లో మా తెర తెరుచుకోవడం లేదని, లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉందని రోగులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అక్క చదివే హద్దు పెంచింది. బిల్లు పెరగకుండా రాసే హద్దు తగ్గించింది.

"వ్యాన్లు ఫోన్ చేసి తిట్టవులే," అంది.

నేనూ నవ్వాను. చిక్కంతా అక్కడే ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. చదవడం ఆగితే మనిషి గొడవ చేస్తాడు. రాయడం ఆగితే అడిగే నాథుడుండడు. వ్యానులోని మా ప్రోగ్రాము ఇంకొక్కసారి ప్రయత్నించి గప్‌చుప్‌గా వదిలేస్తుంది, స్టోరులో పాత కబురే మిగిలిపోతుంది. ఆ పాత కబురునే మోడల్ చకచకా చదివి, ఎంతో నమ్మకంగా రోగికి చెబుతుంది.

మర్నాడు ఉదయం కొన్ని కొత్త వ్యాన్లు కూడా రోడ్డెక్కాయి, రాతలు ఇంకా పెరిగాయి. తెర ఇట్టే తెరుచుకుంటోందని మేనేజరు మెచ్చుకుంటూ ఉండగానే అక్కకు ఫోన్ వచ్చింది. వాళ్ళ అత్తగారిని తీసుకెళ్ళే డ్రైవరు. అక్క స్పీకరులో పెట్టింది.

"మేడం, మీ అత్తగారు ఇవాళ బండెక్కలేదండీ."

"అయ్యో, ఏం? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నారు. మీ గేటు ముందే నిలబడి హారన్ కొట్టాను, ఫోన్ చేశాను. కిందే ఉన్నానమ్మా, రండి అంటే, 'అబద్ధాలాడకు, నువ్వింకా వంతెన దగ్గరే ఉన్నావు, మా కోడలి లెక్క తప్పదు' అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బండిలో మిగతావాళ్ళు ఆయాసపడుతుంటే ఎంతసేపని ఆగనండీ?"

మా కోడలి లెక్క తప్పదు. పెళ్ళయ్యాక అత్తగారి నుంచి అలాంటి మాట అక్క చెవిన పడడం అదే మొదలు. మెచ్చుకోలు ఇలా వస్తే ఎవరికి కావాలి? డయాలసిస్ వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరాడదు. అది మా ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు.

ఆమె రాతల గ్రాఫు తెరిచింది. తిప్పి పంపినవాటి గీత ఉదయం నుంచి పైకి ఎగబాకుతూనే ఉంది. మేమెవరమూ అటు చూడలేదు. అక్క రాసే హద్దు బాగా పెంచేసింది. బిల్లు ఊసే ఎత్తలేదు. కబురు పాతదైతే నిమిషాలు చూపించకుండా, డ్రైవరుకు ఫోన్ చేయమని తెర మీద వచ్చేలా మార్చమని నాకు పురమాయించి, పరుగున వెళ్ళిపోయింది.

సెంటరువాళ్ళను బతిమాలగా సాయంత్రానికి ఒక పడక దొరికింది. నా పని ముగించుకుని నేనూ వెళ్ళాను. అప్పటికే అత్తగారి పాదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి బరువుగా తీస్తోంది. మెషీను తిరుగుతోంది. రోగులను తిరిగి ఇళ్ళకు చేర్చడానికి వచ్చిన ఆ డ్రైవరు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు.

అక్క పడక పక్కన కూర్చుని ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అత్తయ్యా, పొద్దున అతను నిజమే చెప్పాడు. తప్పు నాదే. అంకె నేనే తక్కువ పెట్టాను."

ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసి, కోడలి చెయ్యి గట్టిగా నొక్కింది.

"మెల్లిగా చెప్పవే. వాడు వింటాడు."