నిశ్శబ్దానికి అలారం

2022 జూన్‌లో నన్ను రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆఫీసులో సర్వీస్ డెలివరీ మేనేజరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఊరివాళ్ల కంప్యూటర్లు ఆగకుండా చూడటం, ఆగితే మాట పడటం. మా క్లయింటు అమెరికాలో మందుల షాపులకు సరుకు పంపే కంపెనీ. వాళ్ల ఆర్డర్లు నడిచే సిస్టమ్ మా అంతస్తులోని ముప్ఫై ఆరుగురి చేతుల్లో ఉండేది. నా పైన అకౌంట్ హెడ్, నా కింద శైలజ అనే టెక్నికల్ లీడ్, ఆమె కింద మూడు షిఫ్టుల ఇంజనీర్లు.

ఆ అక్టోబరులో కట్‌ఓవర్ ఉంది. అంటే పాత సిస్టమ్‌ని ఆపి, అందులో ఉన్నదంతా కొత్తదానిలోకి మార్చి, కొత్తదాన్ని మొదలుపెట్టడం. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో అంత పెద్దది నా చేతికి రాలేదు. రిటైర్మెంటుకు రెండేళ్లే ఉంది కాబట్టి మళ్లీ వచ్చే ఆశ కూడా లేదు. దాన్ని నేనే నడిపించాలని నాకు గట్టి కోరిక. తర్వాత నేను చేసిన తిక్క పనులన్నిటికీ ఆ కోరికే కారణం కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

దానికి అడ్డు వచ్చింది నా ఒళ్లే. ఏటా చేసే వైద్య పరీక్షలో రక్తపోటు బాగా ఎక్కువగా ఉందని ఆఫీసు డాక్టరు పట్టుకున్నాడు. నిద్ర పడుతుందా అని అడిగితే పడుతుందన్నాను. మధ్యలో ఎన్నిసార్లు లేస్తారని అడిగితే లెక్కపెట్టలేదన్నాను. ఆయన నా మోకాలి వైపు చూశాడు. అది కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతోంది. మందు రాసి, దానితో పాటు మా బిల్డింగ్ నాలుగో అంతస్తులో జరిగే యోగా క్లాసుకు ఎనిమిది వారాలు వెళ్లమన్నాడు. అది పూర్తయ్యాక డాక్టరు సంతకం పెడితేనే కట్‌ఓవర్ డ్యూటీ అని హెచ్‌ఆర్ వాళ్లు మెయిల్ పెట్టారు. నల్లగండ్లలో మా ఇంటికి వెళ్లి ఈ మాట చెబితే, మా ఆవిడ విజయ పప్పులో పోపు వేస్తూ, "మంచిదే లెండి. మీరు కూర్చుంటే కుర్చీకి కూడా కంగారొస్తోంది" అంది.

మా ఉద్యోగంలో కంగారు రోగం కాదు, అర్హత అని అప్పటిదాకా నా నమ్మకం. ప్రతి యంత్రం మీదా ఒక కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. వేగం తగ్గినా, చోటు నిండినా అది ఫోనుకు అలర్ట్ పంపుతుంది. పద్ధతి ప్రకారం చిన్నవి షిఫ్టు ఇంజనీరుకు, మధ్యరకం లీడ్‌కు, పెద్దవి మాత్రమే మేనేజరుకు వెళ్లాలి. నేను చేరిన వారంలోనే అన్నీ నాకూ రావాలని ఆర్డరు వేశాను. రోజంతా ఫోను జేబులో కొట్టుకుంటూ ఉంటే నాకు నెమ్మదిగా ఉండేది. అక్కడితో ఆగినా బాగుండేది. అలర్ట్‌లు రావడం లేదంటే కాపలా ప్రోగ్రామే చచ్చిపోయిందేమోనని కొత్త అనుమానం పట్టుకుంది. అందుకని పది నిమిషాల పాటు ఏ అలర్టూ రాకపోతే, 'అలర్ట్‌లు రావడం లేదు' అని ఒక పెద్దరకం అలర్ట్ వచ్చేలా పెట్టించాను. శైలజ అది తయారుచేసి ఇస్తూ, "అంటే సార్, గొడవ జరిగినా మీకు చెప్పాలి, జరగకపోయినా చెప్పాలి, అంతేగా అండీ" అని అడిగింది. అంతే అన్నాను. అది మెచ్చుకోలు అనుకున్నాను కూడా.

యోగా క్లాసు వారానికి మూడు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదీ నలభై దాకా. నేర్పే రేణుక గారిది సిద్దిపేట. మొదటి రోజు కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నారు. కళ్లు మూస్తే ఎవరికైనా చీకటి కనిపిస్తుంది. నాకు మా యంత్రాల పేర్లు వరుసగా కనిపించాయి. శ్వాసను గమనించమన్నారని గమనించాను. గమనించేసరికి అది సరిగ్గా లేదనిపించింది. అలా అనిపించేసరికి ఊపిరాడలేదు. ఐదు నిమిషాల్లో గుండెపోటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పక్క చాప మీద పాతికేళ్ల అమ్మాయి ఒకతె హాయిగా గురక పెడుతోంది. నాకంటే జూనియర్లకు ప్రమోషన్లు వచ్చినప్పుడు కూడా నేను అంత కుళ్లుకోలేదు.

రెండో వారానికి దాన్ని కూడా ప్రాజెక్టు చేసేశాను. ఎక్సెల్ తెరిచి, ఏ రోజు ఎన్ని సూర్య నమస్కారాలు, శవాసనంలో ఎన్ని ఆలోచనలు, నిన్నటి కంటే ఎన్ని తగ్గాయి అని రాయడం మొదలుపెట్టాను. ఆలోచనలు లెక్కపెట్టాలంటే వాటి కోసం కాచుకుని కూర్చోవాలి. కాచుకుంటే అవీ ముచ్చటపడి గుంపుగా వస్తాయి. గ్రాఫు ఆకాశానికి పోయింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఎవడో. నేను ఆ గ్రాఫు ప్రింటు తీసుకెళ్లి రేణుక గారికి చూపించాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్ ఇది, మనసుకు హాజరు పట్టీ రాస్తున్నరా?" అన్నారు. కాగితం మడిచి నాకే ఇచ్చేసి, ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చారు. "మీకు కండ్లు మూసుడు ఇప్పుడే వద్దు. తెరిచే చేయుండ్రి. గోడ మీద ఆ స్విచ్‌బోర్డు చూడుండ్రి. చేతులు లేపేటప్పుడు ఊపిరి లోపలికి, దించేటప్పుడు బయటికి. బయటికి ఇడిచేది జర పొడుగుండాలె. మనసు ఉర్కుతె ఉర్కనియ్యుండ్రి, దాని ఫికర్ మీకొద్దు. పెయ్యి కదలకుంటె చాలు." పెయ్యి అంటే అటువైపు ఒళ్లు. ముందు నిలబడి చేసేవన్నీ చేయించి, బాగా అలిసిపోయాకే నన్ను పడుకోబెట్టేవారు. మనసు చంచలమైనవాళ్లను మొదటే పడుకోబెట్టి ప్రశాంతంగా ఉండమనడం తప్పని ఆవిడ అభిప్రాయం. నాకది కొంత పనిచేసింది. ఇంకా పనిచేసేదేమో గానీ, నేను ఆవిడను మోసం చేస్తున్నాను. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో వేయాలని రూలు. నేను ఇంట్లో మూలపడ్డ పాత ఫోనొకటి తెచ్చి బుట్టలో వేసి, అసలుది చాప కింద దాచేవాణ్ని.

ఐదో వారం బుధవారం శవాసనంలో ఉండగా నడుం కింద ఫోను కొట్టుకోవడం ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు, నాలుగు. చాప సర్దుకున్నట్టు నటిస్తూ తడిమి చూశాను. ఫోను బతికే ఉంది. కాసేపటికి పెద్దరకం అలర్ట్ మోత గది అంతా వినిపించింది. అలర్ట్‌లు రావడం లేదు. నేను లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్టు ఎక్కి మా అంతస్తుకు పరిగెత్తి, వెళ్లీ వెళ్లగానే బ్రిడ్జ్ తెరిచాను.

బ్రిడ్జ్ అంటే పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు సంబంధించిన వాళ్లందరినీ ఒకే ఫోన్ కాల్‌లోకి లాగడం. ఒకసారి తెరిస్తే క్లయింటు సరే అనేదాకా మూయడానికి వీల్లేదు. నలభై మంది చేరారు. అమెరికాలో పడుకోబోతున్న క్లయింటు వైస్ ప్రెసిడెంటు కూడా వచ్చాడు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. అందరూ తమ వైపు అంతా బాగానే ఉందన్నారు. అందరూ బాగుందంటే నా భయం ఇంకా పెరిగింది. అరగంట గడిచాక హఫీజ్‌పేట్‌లో రైలెక్కి వచ్చిన శైలజ హడావిడిగా లోపలికి వచ్చి, మైకు ఆఫ్ చేయడం నేను మరిచిపోయానని చూసుకోకుండా చెప్పింది. "సార్, పనికిరాని అలర్ట్‌లన్నీ తీసేసే మార్పు ఇవాళ ఎనిమిదింబావుకి పెట్టాం కదండీ. నెల రోజుల పని. మీకు మెయిల్ పెడితే మీరే అప్రూవ్ చేశారు. మీ అలారం ఒక్కటే తీయలేదు, అది మీదని." నలభై మందీ విన్నారు. సిస్టమ్ మొదటిసారి ఆరోగ్యంగా ఉన్నందుకు నేను అందరినీ పిలిచి కేకలు పెట్టానన్నమాట.

బ్రిడ్జ్ తెరిచినవాడే ఆర్‌సీఏ రాయాలి. అది మూలకారణ నివేదిక. ఎందుకు అని ఐదుసార్లు ప్రశ్నించుకుంటూ లోపలికి పోవాలి. బ్రిడ్జ్ ఎందుకు తెరిచారు? అలర్ట్ వచ్చింది. ఎందుకు వచ్చింది? పది నిమిషాలు మరేదీ రాలేదు. ఎందుకు రాలేదు? ఏ లోపమూ లేదు. లోపం లేకపోతే ప్రమాదమని ఎందుకనుకున్నారు? నిశ్శబ్దంగా ఉంది కాబట్టి. నిశ్శబ్దం ప్రమాదమని ఎందుకనుకున్నారు? ఐదో గడి దగ్గర చాలాసేపు కూర్చుని, మేనేజరుకు భయం కాబట్టి అని రాశాను. అకౌంట్ హెడ్ దాన్ని తిప్పి పంపాడు. నియమం ప్రకారం కారణం పద్ధతిలో ఉండాలి గానీ మనిషిలో ఉండకూడదట. అలారానికి పరిమితి సరిగ్గా నిర్ణయించలేదని మార్చాను. క్లయింటు ఒప్పుకున్నాడు.

అకౌంట్ హెడ్ మాత్రం అసలు నివేదిక మరిచిపోలేదు. పిలిచి మర్యాదగానే చెప్పాడు. డాక్టరు సంతకం పెడితే కట్‌ఓవర్ నేనే నడపొచ్చు, కానీ రోల్‌బ్యాక్ నిర్ణయం శైలజది. రోల్‌బ్యాక్ అంటే కొత్తది పనిచేయకపోతే అంతా ఆపేసి పాతదానికి తిరిగి వెళ్లడం. కట్‌ఓవర్‌లో అసలు అధికారం అదొక్కటే, మిగతాదంతా పెళ్లిలో మైకు పట్టుకోవడం లాంటిది. నాకు చాలా కష్టమేసింది. రెండు రోజులు విజయకు కూడా చెప్పలేదు. ఆ తర్వాతి క్లాసుకు వెళ్లి అసలు ఫోను కూడా బుట్టలో వేశాను. రేణుక గారు చూసి, "రెండోది గూడ వచ్చిందా సార్?" అన్నారు. ఆవిడకు మొదటి నుంచీ తెలుసు.

ఎనిమిది వారాలయ్యాక డాక్టరు సంతకం పెట్టాడు. కట్‌ఓవర్ అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున. ఆ రోజు మనసు నిలవాలని ఇంట్లో తెల్లవారుజామునే లేచి, ఎప్పుడూ చేసే పన్నెండు సూర్య నమస్కారాలకు బదులు ముప్ఫై చేశాను. ఇరవై ఆరోదానికి నడుం కలుక్కుమంది. లెక్క పూర్తి చేయాలని మిగతా నాలుగూ చేశాను.

పదింటికి పాత సిస్టమ్ ఆపి కొత్తది మొదలుపెట్టాం. ఇరవై నిమిషాల్లోపు మొదటి ఆర్డరు రావాలి, ముప్ఫై దాటితే రోల్‌బ్యాక్ అని ప్లాన్. రోల్‌బ్యాక్ అయితే నాలుగు నెలల పని పోయినట్టే, మళ్లీ తేదీ దొరకడానికి మరో ఏడాది. తెర ఖాళీగా ఉంది. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. నా నడుం అప్పటికి కొయ్యబారింది. పక్కకు తిరగలేను, లేవలేను, మోకాలు ఆడిస్తే ప్రాణం పోతోంది. ఊపిరి గట్టిగా పీలిస్తే కూడా పట్టేస్తోంది, అందుకని కొద్దిగా పీల్చి మెల్లగా వదులుతున్నాను. మెడ తిరిగిన చోట స్విచ్‌బోర్డు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. లోపల మాత్రం మందులందని ఊళ్లు, వైస్ ప్రెసిడెంటు మెయిలు, ఐదు ఎందుకుల నివేదిక అన్నీ తయారైపోయాయి. చేతిలో అధికారం ఉంటే ఇరవై ఒకటో నిమిషానికే రోల్‌బ్యాక్ అనేవాణ్ని.

ఇరవై ఆరో నిమిషానికి ఒక ఆర్డరు పడింది. తర్వాత నాలుగు. తర్వాత తెర నిండిపోయింది. క్లయింటు వైపు ఎవరో ఆర్డర్లు వచ్చే దారి తెరవడం ఆలస్యం చేశారు, అంతే.

అందరూ క్యాంటీన్‌కు బయలుదేరుతుంటే శైలజ నా దగ్గర ఆగింది. "ఇరవై నిమిషాలప్పుడు రోల్‌బ్యాక్ అని నోటిదాకా వచ్చిందండి. మీ వైపు చూశాను. మీరు గోడ చూస్తూ కదలకుండా కూర్చున్నారు. మీరే అంత నెమ్మదిగా ఉన్నారంటే పరవాలేదనుకుని ఆగాను" అంది. మీరు పదండి, వస్తాను అన్నాను. గది ఖాళీ అయ్యాక బల్ల పట్టుకుని మూడు విడతలుగా లేచాను.

రేణుక గారికి మాత్రం నిజం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అట్లనన్న కూసున్నరు గద సార్" అన్నారు.

మర్నాడే నిశ్శబ్దం అలర్ట్ తీయించేశాను. రిటైరై ఇప్పుడు ఇంట్లోనే చాప వేసుకుంటున్నాను. మనసు నిలపడం ఈ రోజుకీ నాకు చేతకాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పై అధికారి మనసులో ఏముందో కింది వాళ్లకు కనిపించదు. కనిపించేది అతని ఒళ్లు, దాన్ని చూసే వాళ్లు నిర్ణయాలు తీసుకుంటారు. ఒక ఆదివారం నా నడుం చూసి ఒక మంచి నిర్ణయం జరిగింది. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు నా మోకాలు చూసి ఎందరు ఎన్ని నిర్ణయాలు తొందరపడి తీసుకున్నారో ఏ నివేదికలోనూ లేదు.